భల్లాకార పత్రం అంటే ఏది? వెడల్పు నడుమ ఉండాలా, మొదలు దగ్గర ఉండాలా?

ప్రశ్న: హెర్బేరియంగది

నేను డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్ర ప్రయోగ తరగతులు తీసుకుంటాను. హెర్బేరియం షీట్ల కోసం, అంటే ఎండబెట్టిన మొక్కలను అతికించి దాచే కాగితాల కోసం, పిల్లలు తెచ్చేవాటిలో మామిడి, వేప, గన్నేరు, బడి ప్రహరీల వెంట నిటారుగా పెరిగే అశోక ఎక్కువగా ఉంటాయి. ఈ నాలుగింటికీ లేబుల్ మీద ఆకు ఆకారం దగ్గర ఇంగ్లీషు మాధ్యమం వాళ్లు లాన్సియోలేట్ అని, తెలుగు మాధ్యమం వాళ్లు భల్లాకారం అని రాశారు. నాలుగు షీట్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నాలుగు ఆకులదీ ఒకే ఆకారం అనడానికి నాకు మనసొప్పలేదు. గన్నేరాకు నడుమ వెడల్పుగా ఉండి రెండు కొసలకూ ఒకే తీరుగా సన్నబడుతోంది. వేప పత్రకం, అంటే ఈనెకు అటూ ఇటూ వరుసగా ఉండే చిన్న ఆకు, మొదలుకు కాస్త పైనే వెడల్పు తేలి, అక్కడి నుంచి కొనదాకా సన్నబడుతూ పోతోంది. పైగా నడిమి ఈనెకు ఒక పక్క సగం వెడల్పుగానూ, రెండో పక్క సగం ఇరుకుగానూ ఉంది.

పుస్తకాలు తిరగేస్తే సందేహం తీరకపోగా ఇంకా పెరిగింది. ఒక పరిభాషా నిఘంటువు "రెండు కొసలకూ క్రమంగా సన్నబడేది" అంటోంది. ఒక పాఠ్యపుస్తకం బొమ్మ కూడా వేసి "సగానికి దిగువన వెడల్పుగా ఉండి కొన వైపు సన్నబడేది" అంటోంది. ఈ రెండింటిలో ఏది సరైనది? అసలు ఈ మాట ఏ ఆయుధాన్ని చూసి పుట్టింది? హేస్టేట్ అన్నా ఈటె ఆకారమే అంటారు కదా, మరి ఆ రెండింటికీ తేడా ఏమిటి? మూలం తెలిస్తే పిల్లలకు ఒక పద్ధతిగా చెప్పవచ్చునని అడుగుతున్నాను.

జవాబు: పాతభాషలు

మీ ప్రశ్నలో మాట పుట్టుకకు సంబంధించిన భాగానికి మాత్రం నేను జవాబు చెప్పగలను. ఆకుల సంగతి వృక్షశాస్త్రం తెలిసినవారికి వదిలేస్తాను.

లాటిన్‌లో లాంకెయ అంటే తేలికైన ఈటె. దాన్ని చేతబట్టి పొడవవచ్చు, విసరనూ వచ్చు. ఆ మాటకు అల్పార్థకం లాంకెయోల, అంటే చిన్న ఈటె. దానికి "కలిగిన", "వంటి" అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరి లాంకెయోలాటుస్ అయింది. దాన్నే ఇంగ్లీషు వాళ్లు చివర కత్తిరించుకుని లాన్సియోలేట్ అన్నారు. కాబట్టి ధాతువును బట్టి చూస్తే "చిన్న ఈటె మొన వంటిది" అని అర్థం. ఇక్కడ పోలిక మొత్తం ఈటెతో కాదనీ, కర్ర చివర బిగించే ఇనుప మొనతో మాత్రమేననీ గమనించాలి. కాడను కర్రగా, పత్రదళాన్ని మొనగా ఊహించుకుంటే పోలిక కుదురుతుంది.

లాంకెయ పుట్టుకతో లాటిన్ మాట కాదని రోమన్లకే తెలుసు. అది హిస్పానియా నుంచి, అంటే నేటి స్పెయిన్ ప్రాంతం నుంచి వచ్చిన మాట అని రోమన్ పండితుడు వర్రో చెప్పినట్టు క్రీస్తు శకం రెండో శతాబ్దంలో ఔలుస్ గెల్లియుస్ అనే రచయిత నమోదు చేశాడు. అంతకు ముందే సిసిలీకి చెందిన డయోడోరస్ గాల్ దేశపు యోధుల ఆయుధాలను వర్ణిస్తూ వాళ్ల ఈటెలను లాంకియా అంటారని గ్రీకులో రాశాడు. ఈ రెండు సాక్ష్యాలనూ కలిపి చూస్తే అది కెల్టిక్ జాతుల నోటి నుంచి రోమన్ల సైన్యంలోకి వచ్చి ఉంటుందన్న వాదానికే నేను మొగ్గుతాను. లాటిన్ బైబిల్లో సిలువ మీద ఉన్న యేసు ప్రక్కను సైనికుడు పొడిచిన ఈటెకు వాడింది కూడా లాంకెయ అన్న మాటే. ఫ్రెంచిలో అదే లాన్స్ అయింది. దాని అల్పార్థకంగా వచ్చిన లాన్సెట్ నెత్తురు తీసే వైద్యుడి చిన్న కత్తికి పేరైంది. ఇప్పుడు ఇంట్లో చక్కెర పరీక్షకు వేలి కొసన గుచ్చుకునే సూదిని లాన్సెట్ అంటున్నామంటే, అది ఈ కుటుంబంలో అందరికంటే చిన్న ఈటె అన్నమాట.

ఇక హేస్టేట్ విషయం. దాని మూలం హస్తా. ఇది లాటిన్‌లో ఈటెకు మరో పేరు. లాంకెయ కంటే బరువైనది, వరుస కట్టి నిలిచి పొడవడానికి వాడేది. మూలాన్ని మాత్రమే చూస్తే రెండూ ఈటెలే కనుక అయోమయం సహజమే. అయితే వృక్షశాస్త్రంలో హేస్టేట్ అనే మాటను ఆకు మొదలు దగ్గర రెండు చెవులు పక్కలకు పొడుచుకు వచ్చిన త్రికోణపు ఆకుకు ప్రత్యేకించారు. ఆ చెవులు పక్కలకు కాక కిందికి, కాడ వైపు తిరిగి ఉంటే అది బాణపు మొన, అంటే సాజిటేట్. తూటికూర తీగను ఒక గజం పొడవున పరిశీలిస్తే కొన్ని ఆకులు అటు, కొన్ని ఇటు కనబడతాయి. లాన్సియోలేట్‌కు మాత్రం చెవులు ఉండకూడదు. పిల్లలకు ఈ గుర్తు ఒక్కటి చెప్పినా సరిపోతుంది.

జవాబు: గోదావరిగట్టు

హెర్బేరియంగది గారూ, మీరు చూసిన రెండు నిర్వచనాలూ తప్పు కాదు. ఒకే మాటకు రెండు కాలాల్లో రెండు అర్థాలు స్థిరపడ్డాయి. అవి రెండూ ఈనాటి పుస్తకాల్లో కలిసి కాపురం చేస్తున్నాయి. చిక్కంతా అక్కడ ఉంది.

ఈ మాటను కచ్చితమైన పారిభాషిక పదంగా స్థిరపరచినవాడు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లినేయస్. 1738 నాటి హోర్టుస్ క్లిఫ్ఫోర్టియానుస్‌లోనే ఆయన ఆకుల ఆకారాలను వరుసగా బొమ్మలు వేయించి చూపాడు. 1751లో వెలువడిన ఫిలసాఫియా బొటానికాలో ఒక్కొక్క మాటకు ఒక్క వాక్యపు నిర్వచనం ఇచ్చాడు. లాంకెయోలాటుస్‌కు ఆయన ఇచ్చిన నిర్వచనం ప్రకారం అది పొడవాటి ఆకు, రెండు వైపులా కొసలకు పోయేకొద్దీ క్రమంగా సన్నబడేది. రెండు వైపులా అన్న మాటను పట్టుకోండి. రెండు వైపులా ఒకే తీరుగా సన్నబడాలంటే వెడల్పు సహజంగా నడుమే ఉండాలి. మొదలు వెడల్పుగా గుండ్రంగా ఉండి కొన సన్నబడే ఆకుకు ఆయన దగ్గర వేరే మాట సిద్ధంగా ఉంది. అదే ఓవాటుమ్, మన అండాకారం. ఆ రెండింటికీ నడిమి రూపాలను రెండు మాటలనూ జోడించి చెప్పేవాడు.

అంత పొదుపైన మాటలు ఆయనకెందుకు కావలసి వచ్చాయంటే, ఒక జాతిని అదే ప్రజాతిలోని మిగతావాటి నుంచి వేరుచేసి చెప్పే లక్షణ వాక్యం 12 మాటలకు మించకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. నాలుగు మాటల్లో చెప్పవలసినదాన్ని ఒక్క విశేషణంలోకి కుదించకపోతే ఆ నియమం నిలవదు.

ఆయన ఆ మాటను ఏ ఆకుకు వాడాడో చూస్తే నిర్వచనం మీద అనుమానం మిగలదు. 1753 నాటి స్పీషీస్ ప్లాంటారుమ్‌లో గన్నేరుకు ఆయన రాసిన లక్షణ వాక్యం సారాంశం "గీతాకార భల్లాకార పత్రాలు, మూడేసి చొప్పున" అని. మీ విద్యార్థి తెచ్చిన గన్నేరు కొమ్మనే తీసి చూడండి. ఒక్కొక్క కణుపు దగ్గర మూడేసి ఆకులు చుట్టూ ఉంటాయి. ప్రతి ఆకూ నడుమ వెడల్పుగా ఉండి అటూ ఇటూ సన్నబడుతుంది. అంటే లినేయస్ దృష్టిలో భల్లాకారానికి మీ నాలుగు షీట్లలో అసలైన ఉదాహరణ గన్నేరే. అదే పుస్తకంలో ఆయన ప్లాంటాగో లాన్సియోలేటా అని పేరు పెట్టిన చిన్న మొక్క ఆకులు కూడా ఇలాగే రెండు కొసలకూ సన్నబడతాయి. (ఆ ప్రజాతిలోదే మనం ఇసబ్గోల్ అని తెచ్చుకునే ప్లాంటాగో ఓవేటా. పేరులో ఓవేటా ఉంది కదా అని ఆకు అండాకారంలో ఉంటుందనుకోకూడదు. దాని ఆకులు సన్నటి పట్టీల్లా ఉంటాయి. గుడ్డు ఆకారానికి దగ్గరగా ఉండేది దాని పూల కంకి.)

తరువాతి కాలంలో చాలామంది రచయితలు ఈ మాటను ఇరుకైన అండాకారానికి, అంటే సగానికి దిగువన వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడే ఆకుకు వాడడం మొదలుపెట్టారు. ఈటె మొనను కళ్లారా చూసినవాడికి ఆ అర్థమే తోచడంలో వింత లేదు. కర్రకు బిగించే గొట్టానికి కాస్త పైన వెడల్పు తేలి, అక్కడి నుంచి కొనదాకా సన్నబడే మొనలే ఎక్కువ. అర్థం జారడానికి ఈ పోలికే కారణమై ఉంటుందని నా ఊహ. ఏమైనా ఇరవయ్యో శతాబ్దపు పాఠ్యపుస్తకాల్లో ఈ రెండో అర్థం బాగా పాతుకుపోయింది. మీరు చూసిన బొమ్మ ఆ సంప్రదాయానిది, నిఘంటువు నిర్వచనం పాత సంప్రదాయానిది.

ఇది పేర్ల మీద పట్టింపు కాదు, ఆచరణలో దెబ్బ తీస్తుంది. మన ప్రాంతపు మొక్కల మీద పనిచేసేవారు వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్‌ను తప్పించుకోలేరు. 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్లేదాకా ఆయన సామర్లకోటలో ఉండి, చుట్టుపక్కల మొక్కలను బొమ్మలు గీయించి, వర్ణనలు రాసి, వాటిలో తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి సంపుటాలుగా వెలువడింది. ఎడింబరోలో జాన్ హోప్ దగ్గర లినేయస్ పద్ధతిలో చదువుకున్నవాడు కాబట్టి ఆయన లాన్సియోలేట్ అన్నచోట నడుమ వెడల్పైన ఆకును ఊహించుకోవడమే సబబు. ఈనాటి పాఠ్యపుస్తకపు బొమ్మను మనసులో పెట్టుకుని ఆయన వర్ణన చదివితే, చేతిలో సరైన మొక్కే ఉన్నా ఆకారం కలవలేదని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా, అంటే ఆ ప్రాంతపు మొక్కల వర్ణన గ్రంథం, 1915లో మొదలై 1936లో ఫిషర్ చేతుల మీదుగా పూర్తయింది. అందులో ఈ మాట వచ్చినప్పుడు నేనైతే రెండు అర్థాల్లో ఏదో ఒకటని ముందే తేల్చుకోను, ఆ జాతి నమూనా ఆకును చూసి నిర్ణయించుకుంటాను.

ప్రశ్నించినవారి స్పందన: హెర్బేరియంగది

ఇద్దరికీ కృతజ్ఞతలు. గన్నేరు ఉదాహరణతో సంగతి స్పష్టమైంది. అయితే రేపు తరగతిలో పిల్లలు లేబుల్ మీద ఏం రాయాలి? లినేయస్ అర్థంలో రాస్తే వేప పోతుంది, ఇప్పటి పాఠ్యపుస్తకం అర్థంలో రాస్తే గన్నేరు పోతుంది. మామిడి సంగతి మరీ తికమకగా ఉంది. ఒకే కొమ్మ మీద రెండు రకాల ఆకులూ కనబడుతున్నాయి. ఇంకొకటి, ఓవేట్‌కూ లాన్సియోలేట్‌కూ మధ్య అడ్డుగీత పెట్టి రాసేటప్పుడు ఏ మాటకు ఎక్కువ విలువ ఉంటుంది?

జవాబు: పల్లెసర్వే

నేను వృక్షజాల సర్వేల్లో పనిచేస్తాను. కొలవడం ఒక్కటే ఈ తికమకకు మందు. కొలత చేతిలో ఉంటే మాట ఏదైనా పరవాలేదు.

1962లో సిస్టమాటిక్స్ అసోసియేషన్ నియమించిన పరిభాషా సంఘం టాక్సాన్ పత్రికలో సమతల ఆకారాల పట్టిక ప్రచురించింది. అందులో ఆకారాల పేర్లను పొడవు వెడల్పుల నిష్పత్తులతో ముడిపెట్టింది. శిలాజ పత్రాల మీద పనిచేసేవారి దగ్గర ఈ ఆలోచన ఇంకా పదునెక్కింది. 2009లో వెలువడిన పత్ర నిర్మాణ కరదీపికలో లాన్సియోలేట్‌ను ప్రధాన ఆకారాల్లో చేర్చనే లేదు. అక్కడ పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ఆకు పొడవులో నడిమి ఐదో వంతులో వెడల్పు గరిష్ఠంగా ఉంటే అది దీర్ఘవృత్తాకారం, అంటే ఎలిప్టిక్. దానికి దిగువన, మొదలు వైపు రెండైదవ వంతుల్లో ఉంటే ఓవేట్. పైన, కొన వైపు రెండైదవ వంతుల్లో ఉంటే అబోవేట్, అంటే విలోమ అండాకారం. నడిమి భాగంలో అంచులు ఇంచుమించు సమాంతరంగా నడిస్తే ఆబ్లాంగ్. పొడవు వెడల్పుకు పది రెట్లో అంతకు మించో ఉంటే వెడల్పు ఎక్కడ ఉందని చూడకుండా గీతాకారం అనేస్తారు.

తరగతిలో దీన్ని ఇలా చేయించండి. ఉదాహరణకు మామిడాకు పత్రదళం కాడను వదిలేసి 20 సెంటీమీటర్లు ఉందనుకుందాం. నడిమి ఐదో వంతు అంటే మొదలు నుంచి 8 నుంచి 12 సెంటీమీటర్ల మధ్య భాగం. అన్నింటికంటే వెడల్పైన చోటు 9 దగ్గర ఉంటే అది ఎలిప్టిక్ వైపు, 6 దగ్గర ఉంటే ఓవేట్ వైపు. వెడల్పు 5 సెంటీమీటర్లయితే నిష్పత్తి నాలుగుకు ఒకటి. పాత లెక్కలో మొదటిది లినేయస్ భల్లాకారం, రెండోది ఇప్పటి పాఠ్యపుస్తకాల భల్లాకారం. స్కేలు లేనప్పుడు పొలంలో నేను చేసే పని, ఆకు కొన మొదలుకు తాకేలా అడ్డంగా సగానికి మడవడం. కొన వైపు సగం కింద మొదలు వైపు సగం అంచులు రెండు పక్కలా బయటికి కనబడితే వెడల్పు దిగువన ఉన్నట్టు. అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే వెడల్పు నడుమ ఉన్నట్టు. గన్నేరాకును అలా మడిస్తే పాలు కారతాయి, అది విషం కనుక ఆ చేతులు కడుక్కోమని పిల్లలకు ముందే చెప్పాలి.

వేప దగ్గర రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, మొత్తం ఆకును కాక పత్రకాన్ని కొలవాలి. కొంతమంది విద్యార్థులు సంయుక్త పత్రం మొత్తాన్ని ఒక ఆకుగా తీసుకుని ఆకారం రాస్తారు. రెండోది, మీరన్నట్టు దాని రెండు సగాలు సమానం కావు, పైగా పత్రకం కొడవలిలా ఒక పక్కకు వంగుతుంది. దానికి ఫాల్కేట్ అనే మాట ఉంది. లాటిన్‌లో ఫాల్క్స్ అంటే కొడవలి. కాబట్టి వేపకు భల్లాకారం అని ఊరుకోకుండా, అసమాన పీఠం (మొదలు భాగం), కొడవలి వంపు, రంపపు అంచు అని మూడు విషయాలూ రాస్తే ఆ లేబుల్ చదివినవాడికి వేప కళ్లకు కడుతుంది.

మామిడి తికమకకు కారణం చెట్టులోనే ఉంది. లేత చిగురు ఆకులు, గుత్తి కొసన ఇరుక్కుని పెరిగిన ఆకులు, నీడలో పెరిగినవి ఒకే తీరుగా ఉండవు. కొమ్మ నడిమి నుంచి పూర్తిగా ముదిరిన ఆకులను ఐదారు తీసుకుని అన్నింటినీ కొలిచి, అతి తక్కువ నుంచి అతి ఎక్కువ దాకా రాయడం మా పద్ధతి. మనవైపు పొలాల్లో ఎక్కువగా నాటే నీలగిరి చెట్టులో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. మొక్కగా ఉన్నప్పటి ఆకులు వెడల్పుగా అండాకారంలో ఉంటాయి. చెట్టయ్యాక వేలాడేవి సన్నగా, వంపు తిరిగిన భల్లాకారాలు. నరికిన మోడు నుంచి వచ్చిన పిలకల ఆకులు తెచ్చి చెట్టు ఆకారం అని రాస్తే లేబుల్ తప్పుతుంది.

అడ్డుగీత సంగతి. ఓవేట్ లాన్సియోలేట్ అని రెండింటినీ అడ్డుగీతతో కలిపితే ఆకు ఆ రెండు ఆకారాలకూ నడిమి రూపంలో ఉందని అర్థం. చివరి మాట వైపు కాస్త ఎక్కువ మొగ్గు ఉన్నట్టు చదవడం వాడుక. "ఓవేట్ నుంచి లాన్సియోలేట్ దాకా" అని రాస్తే అర్థం వేరు. ఆ మొక్కలో కొన్ని ఆకులు ఇలా, కొన్ని అలా, మిగిలినవి నడుమ ఎక్కడో ఉన్నాయని. మీ మామిడికి రెండోది నప్పుతుంది. ఈ తేడా విద్యార్థులకే కాదు, ముద్రణకు పోయిన జాబితాల్లో కూడా చెరిగిపోతుంటుంది.

జవాబు: ఉప్పునీటిజీవాలు

జంతుశాస్త్రం వైపు నుంచి ఒక చిన్న చేర్పు, ఎందుకంటే ఈ మాట ఆకుల దగ్గర ఆగిపోలేదు.

డిగ్రీ మొదటి ఏడాదిలో అందరం చదివే యాంఫియాక్సస్ అనే చేపలాంటి చిన్న సముద్ర జీవి పూర్తి శాస్త్రీయ నామం బ్రాంకియోస్టోమా లాన్సియోలేటుమ్. దీని పేర్ల చరిత్రలో ముగ్గురు కనబడతారు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరం నుంచి వచ్చిన నమూనాను చూసి 1774లో పల్లాస్ అది నత్తల బంధువైన ఒక స్లగ్ అనుకుని లీమాక్స్ లాన్సియోలాటుస్ అన్నాడు. 1834లో కోస్టా నేపుల్స్‌లో నోటి చుట్టూ ఉన్న తంతువులను మొప్పలుగా భావించి బ్రాంకియోస్టోమా, అంటే "మొప్పల నోరు" అన్నాడు. 1836లో యారెల్ దానిలో పృష్ఠవంశం (వీపు పొడవునా ఉండే దండం, నోటోకార్డ్) ఉందని గుర్తించి యాంఫియాక్సస్ అన్నాడు. నామకరణ నియమాల్లో ముందు పెట్టిన పేరుకే హక్కు కనుక ప్రజాతికి కోస్టా పేరు, జాతికి పల్లాస్ పేరు నిలిచాయి. యారెల్ పేరు పాఠాల్లో వాడుక పేరుగా మిగిలింది. అది ఏ వర్గపు జీవో పల్లాస్‌కు అంతుపట్టలేదు, అయినా ఆకారానికి ఆయన పెట్టిన విశేషణం మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మీ చర్చకు పనికివచ్చే సంగతి ఏమిటంటే, గ్రీకులో యాంఫియాక్సస్ అంటే "రెండు కొసలా వాడి అయినది". పక్కల నుంచి అదిమినట్టున్న ఆ వేలెడు జీవి నడుమ వెడల్పుగా ఉండి తల వైపు, తోక వైపు సన్నబడుతుంది. అంటే లినేయస్ నిర్వచనంలోని "రెండు వైపులా సన్నబడేది" అన్న అర్థమే ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. ఫిలసాఫియా బొటానికా వెలువడిన 23 ఏళ్లకు పల్లాస్ ఆ విశేషణాన్ని వాడాడు కాబట్టి ఆనాటి అర్థం ఏమిటో చెప్పడానికి దీన్ని గన్నేరు పక్కన ఇంకో సాక్ష్యంగా పెట్టవచ్చు. పక్షుల వర్ణనల్లో మెడ మీది సన్నటి కోసు ఈకలకూ, కొన్ని చేపల తోక రెక్కకూ ఇదే విశేషణం వాడతారు. అక్కడ మాత్రం కొన వాడిగా ఉందా లేదా అన్నదే చూస్తారు, వెడల్పు ఎక్కడ ఉందని ఎవరూ కొలవరు.

జవాబు: పదాలపోగు

భల్లాకారం అన్న తెలుగు మాట గురించి రెండు వాక్యాలు. భల్లం నుంచి వచ్చిన మన బల్లెం చేతపట్టే ఈటెకే స్థిరపడింది కానీ, భారత యుద్ధ పర్వాల్లో భల్లం అంటే ఒక రకం బాణం, ప్రత్యర్థి ధ్వజాన్నో ధనుస్సునో తలనో నరకడానికి వేసేది. బాణం అన్న అర్థం మనసులో ఉన్న విద్యార్థి భల్లాకారాన్ని సాజిటేట్‌తో కలిపేయడం నేను చూశాను. కాబట్టి భల్లాకారం అని చెప్పేటప్పుడు వెంటనే బల్లెం మొన అని కూడా అంటే మంచిది. విలోమ భల్లాకారం, అంటే ఆబ్‌లాన్సియోలేట్, చెప్పవలసి వచ్చినప్పుడు ఏడాకుల పాల ఆకును చూపించండి. వెడల్పు కొన వైపు ఉండి, కాడ వైపు సన్నబడుతూ వస్తుంది. మాట ముందు చేరే ఆబ్ అనే ఉపసర్గకు వృక్షశాస్త్రంలో "తలకిందులు" అని అర్థం.

ప్రశ్నించినవారి స్పందన: హెర్బేరియంగది

ఏడాకుల పాల మా ప్రాంగణంలోనే ఉంది, రేపు కొమ్మ తెప్పిస్తాను. చివరిగా ఒకటి అడగాలి. కొలతలు రాసే పద్ధతి ఇంత సుళువైనప్పుడు ఇన్ని అర్థాలున్న ఆ పాత మాటను ఇంకా ఎందుకు మోస్తున్నాం? లేబుల్ మీద దాన్ని పూర్తిగా కొట్టేయమనవచ్చా?

జవాబు: గోదావరిగట్టు

కొట్టేయించవద్దని నా సలహా. కొత్త మొక్కకు పేరు పెట్టాలంటే వర్ణననో లక్షణ వాక్యాన్నో లాటిన్‌లోనే రాయాలన్న నియమం 1935 నుంచి 2011 చివరిదాకా అమలులో ఉండేది. 2012 జనవరి నుంచే ఇంగ్లీషులో రాసినా చెల్లుతోంది. అందువల్ల ఇన్నేళ్ల సాహిత్యమంతా ఈ మాటలతోనే నిండి ఉంది. హుకర్ బ్రిటిష్ ఇండియా ఫ్లోరా తెరిచినా, గాంబుల్ తెరిచినా, లక్షణాలను మెట్టు మెట్టుగా చూస్తూ మొక్కను గుర్తించే కీ పట్టికలో "ఆకులు లాన్సియోలేట్" అన్న మెట్టు దగ్గర విద్యార్థి ఆగి ఎటు పోవాలో నిర్ణయించుకోవాలి. ఆ మాటే తెలియనివాడు అక్కడే చిక్కుకుపోతాడు.

లేబుల్‌కు నేను ఇలా చెబుతాను. మాటా రాయాలి, దాని పక్కనే కొలతా రాయాలి. గన్నేరుకు "భల్లాకారం, వెడల్పు నడుమ, పొడవు వెడల్పుకు ఇన్ని రెట్లు" అని, వేపకు "పత్రకాలు భల్లాకారం, వెడల్పు సగానికి దిగువన, పీఠం అసమానం" అని రాయించండి. కీ పట్టిక వాడేటప్పుడు మాత్రం ఆ ఒక్క మెట్టు మీద ఆధారపడి జాతిని తేల్చవద్దని, రెండు దారులూ కొంతదూరం నడిచి పువ్వునూ కాయనూ కూడా సరిచూసుకోమని చెప్పండి. అశోక ఆకు గురించి ఎవరూ ఏమీ అనలేదు కనుక అది కూడా చెబుతాను. అంచుల అలలను అరచేత్తో చదును చేసి, కాగితం మీద ఒత్తి పట్టి చుట్టూ పెన్సిలుతో గీత గీసి, ఆ బొమ్మను కొలిపించండి. అలలను అలాగే ఉంచి కొలిస్తే వెడల్పు తక్కువ వచ్చి, ఆకు నిజంగా ఉన్నదానికంటే సన్నగా లెక్క తేలుతుంది.